బొమ్మల వెనకాల కొండ

సర్వే ఆఫీసులో ఆమెను అందరూ ట్రేసరమ్మ అనేవారు. పాతబడి అంచులు రాలిపోతున్న పటాల మీద పల్చటి కాగితం పరిచి, గీత మీద గీత పడేలా కొత్త నకలు తీయడం ఆమె ఉద్యోగం. ముప్పై ఏళ్ళుగా అదే కుర్చీ, అదే ఏటవాలు బల్ల. కొండలు, వాగులు, బండిబాటలు, హద్దురాళ్ళు ఎన్ని ఆమె చేతి కిందుగా పోయాయో లెక్క లేదు. "మా ఆవిడ కాలు కదపకుండా కొండలన్నీ ఎక్కేసింది" అని బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే భర్త తోటివాళ్ళతో వేళాకోళమాడేవాడు.

ఒకరోజు భోజనాల వేళ పక్కసీటు గుమాస్తా వారపత్రిక తిరగేస్తూ, "ఇదెక్కడి పిచ్చండీ బాబూ! ఎవరో పళ్ళ డాక్టరట, పేరుమోసిన హంతకులు జైల్లోంచి రాసిన ఉత్తరాలూ గీసిన బొమ్మలూ పోగేస్తున్నాడట. నాకు తపాలాబిళ్ళలు పోగేసేవాళ్ళే అర్థం కారు!" అని నవ్వి, పత్రిక ఆమె ముందుకు తోశాడు.

ఫొటోలో తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెనక గోడకు ఒక బొమ్మ వేలాడుతోంది. నీళ్ళు, పడవలో కూచున్న ఆడమనిషి, నీళ్ళకవతల కొండ. దాని కింద చిన్న అక్షరాల్లో 'తెల్లవ్యాను చిత్రం' అని ఉంది.

ఆమె నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

తెల్లవ్యాను అనేది పత్రికలు పెట్టిన పేరు. వాడు దుకాణాలకి బోర్డులు రాసే పెయింటరు. రంగు డబ్బాలు తెల్లవ్యానులో వేసుకుని ఊరూరా తిరిగేవాడు. పంతొమ్మిదేళ్ళ కిందట ట్రేసరమ్మ చెల్లెలు టైపు నేర్పే ఇన్‌స్టిట్యూటు పెడదామని గది చూసుకుంది, రెండు మిషన్లు కొనుక్కుంది. "బోర్డు ఎంతవరకు వచ్చిందో చూసొస్తానే అక్కా" అని వెళ్ళి, మళ్ళీ రాలేదు. ఆర్నెల్లకు వాడు దొరికాడు. మొత్తం అయిదుగురు ఆడవాళ్ళని చంపానని ఒప్పుకున్నాడు. ముగ్గురి శవాలు చూపించాడు. మిగతా ఇద్దరు, ఒక నర్సూ, ఈ చెల్లెలూ, ఎక్కడున్నారని జడ్జి అడిగితే "గుర్తు లేదండీ" అన్నాడు. అంటూ నవ్వాడు. ఆ నవ్వు ఆమె స్వయంగా చూసింది. యావజ్జీవం పడింది. అంతటితో కేసు మూసేశారు. ఇంట్లో మాత్రం ఏదీ మూతపడలేదు. కిందటి చలికాలంలో తల్లి కన్నుమూసేదాకా ఒకటే మాట. "వాణ్ణి ఉరి తీయలేదని నాకు బాధ లేదే. దాన్ని ఎక్కడ పెట్టాడో ఒక్క ముక్క చెబితే చాలు."

ఆమె పత్రిక తీసుకుని కిటికీ వెలుతురులోకి వెళ్ళింది. పటాలు చూసే భూతద్దం ఫొటో మీద పెట్టింది. పడవలో మనిషిని చూడలేదు, కొండని చూసింది. మనసులోంచి పుట్టిన కొండ ఎప్పుడూ గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది. చిన్నపిల్లలు గీసినా అంతే, పెద్ద చిత్రకారులు గీసినా అంతే. ఈ కొండ అలా లేదు. కుడివైపు వాలు దిగుతూ దిగుతూ ఒకచోట మెట్టులా ఆగింది. నెత్తి మీద, విరిగిన పన్ను మాదిరిగా, ఒక నొక్కు ఉంది. అందం కోసం అలాంటి నొక్కు ఎవరూ పెట్టరు.

"ఇది ఎక్కడో ఉంది" అనుకుంది.

*

పళ్ళ డాక్టరు ఇంటికి కింద ఆసుపత్రి, పైన మ్యూజియం. పెళ్ళాం పోయి పదేళ్ళయింది. పొద్దుట రెండు గంటలు రోగుల్ని చూసి, తక్కిన రోజంతా పైగదిలో గడిపేవాడు. ఆ గది తలుపు తీస్తే లవంగనూనె వాసన, పాత కాగితాల వాసన కలిసి కొట్టేవి. సబ్బుబిళ్ళల మీద చెక్కిన తలకాయలు, అగ్గిపుల్లలతో కట్టిన ఇళ్ళు, గ్రీటింగు కార్డులు. గోడల నిండా బొమ్మలు. బల్ల కింద చెప్పుల అట్టపెట్టెల్లో ఉత్తరాలు, కట్టలు కట్టలుగా.

"నేరం మీద కాదమ్మా నాకు మోజు," అన్నాడాయన, ఎవరు వచ్చినా ముందుగా ఆ మాటే చెప్పేవాడిలా. "నలభై ఏళ్ళు మనుషుల నోళ్ళలోకి చూశాను. ఇంకాస్త లోపలికి చూడాలనిపించింది. అంతే. ఇంతకీ మీరు?"

"పటాలు గీసేదాన్నండీ. మీ గురించి చదివి చూద్దామని వచ్చాను."

అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు. డాక్టరు మురిసిపోయి ఒక్కొక్కటే చూపించాడు. తెల్లవ్యాను బొమ్మలు పదకొండున్నాయి. ఒకదాంట్లో పడవ, ఒకదాంట్లో గుర్రం, ఒకదాంట్లో గొడుగు పట్టుకున్న ముసలాయన. ముందు ఏమున్నా వెనకాల మాత్రం నీళ్ళు, నీళ్ళ వెనక అదే కొండ.

"చూశారా? అది అతని ముద్ర. కలల కొండ అంటాను నేను," అన్నాడు డాక్టరు. "పాపం, కటకటాల వెనక ఉన్నవాడికి కలలే కదమ్మా ఆస్తి."

'పాపం' అన్న మాట ఆమె చెవిలో ముల్లులా దిగింది. పెదవి కొరుక్కుని, "వీటి మీద కాగితం పెట్టి నకలు తీసుకోవచ్చాండీ?" అని అడిగింది.

డాక్టరు మొహం ముడుచుకుంది. "నకళ్ళా? వద్దమ్మా. రేపు బజార్లో దొంగబొమ్మలు తిరుగుతాయి."

ఆమె పట్టుబట్టలేదు. బల్ల కిందికి చూసింది. "ఈ ఉత్తరాలకి జాబితా ఉందా?"

"జాబితా లేదు, పాడూ లేదు. ఏది ఎక్కడుందో నాకే తెలీదు."

"నేను రాసిపెడతాను. ఆదివారాలు ఖాళీయే నాకు."

డాక్టరుకి ఎగిరి గంతేసినంత పనైంది.

అలా ఏడు నెలల ఆదివారాలు ఆ గదిలో గడిచాయి. ప్రతి ఉత్తరానికీ ఒక నంబరు, తేదీ, ఎవరు రాశారో, ఏం రాశారో రెండు ముక్కలు. వందల ఉత్తరాలు. దొంగలవి, హంతకులవి, ఇళ్ళు తగలబెట్టినవాళ్ళవి. తెల్లవ్యాను ఉత్తరాల దగ్గరికి రావడానికే మూడు నెలలు పట్టింది. మొదటిది విప్పేముందు రాక్షసుడి రాత ఎలా ఉంటుందోనని ఊహించుకుంది. తీరా చూస్తే మోకాళ్ళ నొప్పులు. పప్పు నీళ్ళలా ఉందని ఫిర్యాదు. పక్కగది ఖైదీ గురక పెడతాడని ఇంకో ఫిర్యాదు. నీలంరంగు అయిపోయింది, పంపండి. చెల్లెలి పేరు గానీ, ఎవరి పేరు గానీ ఒక్కచోట లేదు. వాడికి మోకాలు గుర్తుంది, చంపిన మనిషి గుర్తు లేదు. కోపం వచ్చిన రోజున ఆమె కలం పక్కన పెట్టి, కిందికి వెళ్ళి మొహం కడుక్కుని, పైకి వచ్చి మళ్ళీ నంబరు వేసేది.

ఇంట్లో భర్తకు మొదట సంగీతం క్లాసని చెప్పింది. ఆయన నమ్మలేదు. పెళ్ళైన ఇరవై ఆరేళ్ళలో ఆమె కూనిరాగం తీయగా ఆయన విని ఎరగడు. నిజం తెలిసిన రోజున నెత్తీనోరూ కొట్టుకున్నాడు.

"మతి ఉండే చేస్తున్నావా? ఆ వెధవ రాతలు చదువుతూ కూచుంటావా? మానుతున్న పుండుని గోటితో గీరుకున్నట్టు!"

"మానుతోందని ఎవరు చెప్పారండీ మీకు?"

ఆయన చొక్కా తగిలించుకుని డిపోకి వెళ్ళిపోయాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆదివారం. ఆమె చెప్పులేసుకుని గేటు దాకా వచ్చేసరికి స్కూటరు స్టార్టు చేసి ఉంది. "ఎక్కు. బస్సులో పడి ఎక్కడ వేళ్ళాడతావు," అన్నాడు.

రెండువందల పద్నాలుగో నంబరు ఉత్తరం, అయిదో నెలలో దొరికింది. అందులో వాడు ఇలా రాశాడు. 'కొండ ఎక్కడిదని అడిగారు. అది కలలోది కాదు. నీళ్ళ గట్టున రాతి మీద కూచుంటే ఎలా కనపడేదో అలాగే గీస్తాను. అక్కడ నాకు మనసు హాయిగా ఉండేది. ఇటుకబట్టీవాళ్ళు తప్ప ఎవరూ అటు వచ్చేవాళ్ళు కారు. బ్రష్షులు అరిగిపోయాయి, కొత్తవి పంపగలరు.'

ఆమె మూడుసార్లు చదివింది. జడ్జితో గుర్తు లేదన్నవాడికి ఈ ఒక్క చోటు గీత గీతగా గుర్తుంది. డాక్టరు పక్కనే కూచుని బొమ్మల అద్దాలు తుడుస్తున్నాడు.

"ఈ ఉత్తరం మీరు చదివారా?"

"ఏదీ? ఆఁ, చదివానమ్మా. మంచి ఉత్తరం. కళాకారుడు తన కళ గురించి చెప్పుకున్నాడు."

చదివాడు. బ్రష్షులు పంపాడు. అంతకుమించి ఆయనకేమీ తోచలేదు. ఆమె ఆ మనిషిని నిండా ఒక నిమిషం చూసింది. చెడ్డవాడు కాదు. కళ్ళు మాత్రం ఎప్పుడూ తనకు కావలసిన చోటే ఉంటాయి.

అప్పటికి డాక్టరుకి ఆమె మీద గురి కుదిరింది. నకళ్ళు తీసుకుంటానంటే ఈసారి కాదనలేదు. పదకొండు బొమ్మల మీదా కాగితం పరిచి, ముందున్న పడవలూ గుర్రాలూ వదిలేసి, వెనకాల గీతలు మాత్రం ఎత్తింది. కొండ ఒక్కటే అని తేలిపోయింది. నొక్కు మీద నొక్కు, మెట్టు మీద మెట్టు కూచున్నాయి. అన్నింటిలోనూ కొండ ముందు సన్నటి నిలువు గీత ఒకటుంది. ఇన్నాళ్ళూ ఎండిన చెట్టేమో అనుకుంది. ఇటుకబట్టీ పొగగొట్టం అది. ఎనిమిది బొమ్మల్లో అది నొక్కుకి ఎడమవైపున, బెత్తెడు ఎడంగా ఉంది. మూడింటిలో కుడివైపున ఉంది. ఆ మూడూ చేతి పొరపాటు అనుకుని పక్కన పెట్టింది.

ఇక మిగిలింది ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఆఫీసులో మధ్యాహ్నం భోజనం మానేసి పాత పటాల బీరువా తెరిచింది. వ్యాను తిరిగిన ఊళ్ళు కేసు కాగితాల్లో ఉన్నాయి. ఆ చుట్టుపక్కల పటాలన్నీ ఒక్కొక్కటే తీసింది. నీళ్ళున్న క్వారీ గుంట, దాని ఉత్తరాన నొక్కున్న కొండ, నడుమ ఇటుకబట్టీ. ఆరు వారాలకి దొరికింది. ఆ పటం నకలు తీసింది తనే, పద్నాలుగేళ్ళ కిందట. ఆ గీతల మీద తన చెయ్యే నడిచింది.

*

స్కూటరు మీద నాలుగు గంటల ప్రయాణం. క్వారీ ఎప్పుడో మూతపడింది. గుంట నిండా పచ్చటి నీళ్ళు. బట్టీ కూలిపోయి ఇటుకల దిబ్బ మిగిలింది. కొండ మాత్రం చెక్కు చెదరలేదు. నెత్తి మీద విరిగిన పన్నులా నొక్కు.

భర్త ఆ కొండని చూసి నోరు తెరిచాడు. ఆపైన ఆమె చెప్పినట్టే, పొడుగాటి వాసం ఒకటి పట్టుకెళ్ళి, చివర ఎర్రగుడ్డ కట్టి, పొగగొట్టం ఉండాల్సిన చోట దిబ్బ మీద నిలబడ్డాడు. ఆమె నీళ్ళకి ఇవతల, చేతిలో నకలు పట్టుకుని, గట్టు వెంబడి అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. కొండ కదలదు. ఎర్రగుడ్డ మాత్రం ఆమె అడుగుతో పాటు నొక్కు ముందు నుంచి పక్కకి జరుగుతుంది.

"చేతులు పడిపోతున్నాయే!" అని అవతల్నుంచి కేక.

"కదలకండి! ఇంకొంచెం!"

"జెండా కర్రలకి జీతం ఇస్తారా మీ ఆఫీసులో?"

ఆమె వినిపించుకోలేదు. ఇంకో నాలుగు అడుగులు. ఎర్రగుడ్డ నొక్కుకి ఎడమన, బెత్తెడు ఎడంలో ఆగింది. నకలు ఎత్తి చూసింది. సరిగ్గా అతికింది. కిందికి చూస్తే కాళ్ళ దగ్గర బల్లపరుపు రాయి, ఇద్దరు కూచునేంత.

ఆమె దాని మీద కూచోలేదు. పక్కనే మట్టిలో చతికిలబడింది. భర్త వాసం పారేసి పరుగెత్తుకొచ్చాడు. "తవ్వుదామా?" అని అడిగాడు మెల్లగా.

"మనం తవ్వితే రేపు కోర్టులో నిలవదు. పోలీసులే తవ్వాలి. వాళ్ళు రాసుకోవాలి."

పోలీసుస్టేషన్లో ఇన్‌స్పెక్టరు నలభై ఏళ్ళావిడ. బల్ల మీద ఫైళ్ళు మొహం కనపడనంతగా పేర్చుకుని ఉంది. అంతా ఓపిగ్గా విన్నది. గుమ్మం దగ్గర నిలబడ్డ కానిస్టేబులు మాత్రం, "కొండని తవ్వి ఎలుకని పట్టాలన్నమాట" అని గొణిగాడు. ఆవిడ కంటితోనే వాడిని బయటికి పంపింది.

"మీ మాట కొట్టెయ్యనమ్మా," అన్నది. "కానీ నకళ్ళు పట్టుకుని పైవాళ్ళ దగ్గరికి వెళ్తే నవ్వుతారు. అసలు బొమ్మలు కావాలి. ఆ ఉత్తరం కావాలి. ఆ డాక్టరు తనే వచ్చి ఇవ్వాలి, ఎప్పుడు వచ్చాయో ఎలా వచ్చాయో సంతకం పెట్టాలి. అవి ఉంటే నేను చూసుకుంటాను."

ట్రేసరమ్మ తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్ళి, తనెవరో చెప్పింది. ఆయన మొహంలో రంగు మారింది. కుర్చీలో కూలబడ్డాడు.

"ఏడు నెలలు నా ఎదురుగా కూచుని... ఒక్క మాట చెప్పలేదమ్మా మీరు."

"చెబితే తలుపు తీసేవాళ్ళా?"

ఆయన పైగది వైపు చూశాడు. బొమ్మలు పోలీసుల చేతికెళితే తిరిగి రావు. పైగా అవి జైలు దాటి వచ్చిన దారి కూడా అంత సవ్యమైంది కాదు, ఎవరో వార్డరు చేతి మీదుగా వచ్చేవి. అదంతా బయటపడుతుంది. ఈ వయసులో పరువు పోతుంది. "నన్ను వదిలెయ్యండమ్మా," అని చేతులు జోడించి లోపలికి వెళ్ళిపోయాడు. పైగదికి కొత్త తాళం పడింది.

మర్నాడు పొద్దున్న ఆసుపత్రి తెరవగానే ఆమె టోకెను తీసుకుని పంటినొప్పివాళ్ళ మధ్య కూచుంది. తన వంతు రాగానే వెళ్ళి పెద్దకుర్చీలో వెనక్కి వాలి, "ఇస్తారా?" అంది. డాక్టరు ఇవ్వనన్నాడు. ఆమె లేచి ఆఫీసుకి వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ టోకెను. మళ్ళీ అదే ప్రశ్న. మూడో రోజు, నాలుగో రోజు. రోగులు ఆమెకు అలవాటు పడ్డారు. "ఏం నొప్పో పాపం, రోజూ వస్తోంది" అని జాలిపడ్డారు. ఉడుంపట్టు అంటే ఏమిటో డాక్టరుకి అప్పుడు తెలిసింది. ఆరో రోజు ఏం మాట్లాడాలో తోచక, "నోరు తెరవండి," అన్నాడు. చూశాడు. "కింద దవడలో పన్ను పుచ్చింది." అని నిజంగానే శుభ్రం చేసి, సిమెంటు పెట్టాడు. దవడ మొద్దుబారినా ఆమె వంకర నోటితో, "ఇఫ్తారా?" అని అడిగింది. బయట కూచున్న ముసలావిడ ఫక్కున నవ్వింది.

తొమ్మిదో రోజు ఆమె కుర్చీలో వాలేసరికి డాక్టరు చేతిలో పనిముట్టు లేదు. స్టూలు మీద కూచున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రెండువందల పద్నాలుగు మళ్ళీ చదివానమ్మా," అన్నాడు. "మీరు వెళ్ళాక రోజూ చదువుతున్నాను. వాడు నాకు చెప్పేశాడు. చెప్పి, బ్రష్షులు అడిగాడు. నేను పంపాను. పదకొండేళ్ళు వాడికి రంగులు పంపింది నేనే."

ఆమె ఓదార్చలేదు. అది ఓదార్చాల్సిన మాట కాదని ఆమెకు తెలుసు.

"మీరు పంపబట్టి గీశాడు. మీరు దాచబట్టి మిగిలాయి. ఇప్పుడు ఇస్తే సగం పాపం పోతుందో లేదో నాకు తెలీదు డాక్టరుగారూ. ఇవ్వకపోతే మాత్రం మొత్తం మీదే."

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

*

తవ్వకం మొదలైన మూడో రోజు మధ్యాహ్నం, బల్లపరుపు రాయికి మూడు అడుగుల అవతల, ఎముకలు బయటపడ్డాయి. వాటితో పాటు తుప్పు పట్టిన చిన్న గడియారం, చొక్కాకి తగిలించుకునే రకం. నర్సులు పెట్టుకునేది.

ఇన్‌స్పెక్టరు ఆమె దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "మీ చెల్లి కాదమ్మా."

ఆ సాయంత్రమే నర్సు అన్నయ్య వచ్చాడు. దర్జీ ఆయన. మెళ్ళో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చాడు. పోలీసులు చూపించినచోట నిలబడి, తిరిగొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరు వెతికింది మీ మనిషి కోసం. దొరికింది మా మనిషి. ఏ జన్మలో రుణమో తల్లీ," అని ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది. అయితే ఆ ఏడుపులో కొంచెం అసూయ ఉందని ఆమెకు తెలుసు. ఇంటికొచ్చాక భర్తతో ఆ మాట చెప్పేసింది కూడా. "ఉండదా మరి," అన్నాడాయన. "నువ్వేం రాయివా?"

ఇంకో అయిదు రోజులు చుట్టూ తవ్వారు. ఏమీ లేదు. పనివాళ్ళని వెనక్కి పిలిచారు. "ఇంతకన్నా నా చేతిలో లేదమ్మా," అంది ఇన్‌స్పెక్టరు.

ఆమె ఇంటికి వచ్చి, నకళ్ళన్నీ మళ్ళీ బల్ల మీద పరిచింది. ఎనిమిది ఒకవైపు, తను పక్కన పెట్టేసిన మూడు ఒకవైపు. మూడింటినీ ఒకదాని మీద ఒకటి వేసి కిటికీ అద్దానికి ఆనించింది. మూడింట్లోనూ పొగగొట్టం నొక్కుకి కుడివైపున, ఒకే ఎడంలో నిలబడి ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఎంత బుద్ధిలేనిదాన్నండీ!" అని అరిచింది. భర్త వంటింట్లోంచి గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. "చూసింది చూసినట్టు గీసేవాడి చెయ్యి తప్పితే ఒకసారి తప్పుతుంది. మూడుసార్లూ ఒకేలా తప్పదు. వాడు కూచున్నది రెండుచోట్ల. ముప్పై ఏళ్ళు ఇదే పని చేసి, నాకు సరిపడలేదని మూడు బొమ్మలు చెత్తబుట్టలో వేశాను!"

"వేశావా?"

"మాటవరసకి!"

మర్నాడు మళ్ళీ స్కూటరు, మళ్ళీ వాసం, మళ్ళీ ఎర్రగుడ్డ. ఈసారి గట్టు వెంబడి ఎడమవైపుకి నడిచింది. చాలా దూరం నడవాల్సి వచ్చింది. గుంట మలుపు తిరిగేచోట, తుప్పల వెనక, గుడ్డ జరిగి జరిగి నొక్కుకి కుడివైపున ఆగింది. అక్కడా ఒక రాయి ఉంది, చిన్నది, ఒక్కరు కూచునేంత.

ఇన్‌స్పెక్టరు పైవాళ్ళతో ఏం చెప్పిందో, ఎన్ని మాటలు పడిందో గానీ, ఒక్కరోజు అనుమతి తెచ్చింది. ఆ ఒక్కరోజులో, ఎండ ఇంకా నడినెత్తికి రాకముందే, చెల్లెలు దొరికింది.

ట్రేసరమ్మ దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూచుంది. పంతొమ్మిదేళ్ళుగా ఈ క్షణం గురించి అనుకున్న మాటలన్నీ ఏమయ్యాయో ఏమో, నోటికి ఒక్కటీ రాలేదు. "లేవే, ఇంటికి పోదాం," అంది చివరికి, చిన్నప్పుడు బళ్ళో నిద్రపోయిన దాన్ని లేపినట్టు. వెనక నిలబడ్డ కానిస్టేబులు, ఎలుక మాట అన్నవాడే, టోపీ తీసి మొహం అటు తిప్పుకున్నాడు.

డీఎన్‌ఏ పరీక్షల రిపోర్టు రావడానికి రెండు నెలలు పట్టింది. అందులో ఉన్నది అందరికీ ముందే తెలిసిందే. చెల్లెల్ని తల్లి పక్కకి చేర్చారు. దర్జీ తన భార్యాపిల్లలతో వచ్చి, సొంతమనిషిలా అన్నింటికీ నిలబడ్డాడు. డాక్టరు గుంపు చివర నిలబడి, ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోయాడు.

వార్త పత్రికల్లో వచ్చాక ఆయన బొమ్మలకి గిరాకీ పెరిగింది. ఎక్కడెక్కడి సేకరణకర్తలో ఫోన్లు చేశారు. ఆయన ఒక్కటీ అమ్మలేదు. తెల్లవ్యాను బొమ్మలు పోలీసుల దగ్గరే ఉన్నాయి. మిగతావన్నీ, జాబితాతో సహా, తనే బండిలో వేసుకుని వెళ్ళి ఇన్‌స్పెక్టరుకి అప్పజెప్పాడు. వార్డరు సంగతి కూడా దాచకుండా రాసిచ్చాడు. ఆ వార్డరు ఉద్యోగం పోయింది. డాక్టరుకి కోర్టులో చీవాట్లు, జరిమానా పడ్డాయి. పొద్దుట రెండు గంటలు రోగుల్ని చూడటం మాత్రం మానలేదు.

ఒక శనివారం ఆయన సర్వే ఆఫీసుకి వచ్చి, ఏటవాలు బల్ల మీద ఒక కవరు పెట్టాడు. జైలు ముద్ర ఉంది. పైన డాక్టరు చిరునామా, దాని కింద 'టైపు అమ్మాయి అక్కగారికి' అని ఉంది. ఆ చేతిరాత ఆమెకు కరతలామలకం. చెల్లెలి పేరు తెలిసీ రాయలేదు.

"విప్పలేదమ్మా," అన్నాడు డాక్టరు. కళ్ళు మాత్రం కవరు మీదే ఉన్నాయి, పాత అలవాటు. "ఏం రాశాడో... క్షమించమన్నాడేమో. ఎలా కనిపెట్టావని అడుగుతాడేమో. చూడాలని లేదా మీకు?"

ఆమె కవరుని ఒకసారి తిప్పి చూసింది. బరువుగా ఉంది, మూడు నాలుగు కాగితాలుంటాయి. పంతొమ్మిదేళ్ళు వాడు నోరు విప్పితే చాలని కాచుకున్న ఇల్లు తనది. ఇప్పుడు వాడు మాట్లాడాలనుకుంటున్నాడు.

"వాడు చెప్పాల్సింది ఒక్కటే ఉండేది. అది వాడితో పనిలేకుండానే అయిపోయింది," అంది. "ఇంకెవరి ఆడపిల్ల గురించైనా ఉందేమో, అది చూడాలి. ఇన్‌స్పెక్టరమ్మకి ఇచ్చెయ్యండి."

సోమవారం పొద్దున్న ఆఫీసు ఫోను మోగింది. ఇన్‌స్పెక్టరు.

"ఉత్తరం చదివానమ్మా. ఏముందో చెప్పనా?"

"ఎవరి గురించైనా ఉందా మేడమ్? ఇంకో ఊరు, ఇంకో చోటు?"

"లేదు. అంతా వాడి గోలే."

"అయితే వద్దు లెండి," అంది ట్రేసరమ్మ. ఫోను పెట్టేసి, తన కుర్చీలో కూచుని, సగంలో ఆగిన వాగు గీత పూర్తి చేయడానికి కలం సిరాలో ముంచింది.